మెట్టసీమ ఊళ్ళు – వాటి పేర్లు

కొత్తవారు కనబడితే "మీదే ఊరండీ?" అని అడగటం మన అలవాటు. ఆ ఊరికి ఆ పేరెలా వచ్చిందని మాత్రం అడగం. కృష్ణకు ఉత్తరాన, నందిగామ – జగ్గయ్యపేట మెట్టసీమలో ఆ మాట అడిగి చూస్తే పదిహేడు వందల ఏళ్ళ కథ వినవస్తుంది.

జగ్గయ్యపేట దగ్గర ధనబోడు అనే గుట్ట వున్నది. ధనమున్న గుట్ట అని అర్థం. 1882లో బర్జెస్ దొర అక్కడి బౌద్ధస్తూపాన్ని తవ్వించి చూశాడు. అప్పటికే ఇటుకలు చాలావరకు జనం తరలించుకుపోయారు. అక్కడి స్తంభాల మీద మూడవ శతాబ్ది నాటి ప్రాకృత శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో ఏట, సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు నిలిపిన ముచ్చట అది. అందులో ఊరిని 'గామ' అన్నారు. మన గ్రామమే ప్రాకృతంలో గామ. నందిగామ అన్నప్పుడల్లా మనం ఆ పాతమాటనే పలుకుతున్నాం.

ఇక పెనుగంచిప్రోలు. 'పెను' అంటే పెద్ద. 'ప్రోలు' అంటే పట్టణం. ఈ ప్రోలే కొన్నిచోట్ల 'వోలు' అయింది. నిరవద్యప్రోలు నిడదవోలు అయినట్లే జగ్గయ్యపేట పాతపేరు బేతవోలు. బేతడనేది పూర్వం మగవారి పేరు, కాకతీయులలోనూ బేతరాజులున్నారు. అయితే దారిదోపిళ్ళ వల్ల దానికి 'దొంగల బేతవోలు' అనే చెడ్డపేరు వచ్చిందట! పద్దెనిమిదో శతాబ్ది చివర ఈ సీమనేలిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు ఊరు బాగుచేసి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. అపకీర్తితోపాటు బేతడూ మరుగున పడ్డాడు.

చందర్లపాడు, వీరులపాడు అంటే పాడుపడ్డ ఊళ్ళని భయపడకండి. పూర్వం 'పాడు' అంటే ఊరనే అర్థం. ముండ్లపాడులో ముళ్ళకంప, బలుసుపాడులో బలుసుచెట్టు కనిపిస్తవి. బతికుంటే బలుసాకు తినవచ్చని సామెత కద్దు గదా! కరువు రోజులు ఎరిగిన మెట్టసీమకు తగిన పేరే. షేర్‌మహమ్మద్‌పేట, నవాబుపేటలు తురకల ఏలుబడిని గుర్తుచేస్తవి.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. 2022లో ఈ సీమ కృష్ణాజిల్లా నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి మారింది. అయినా నందిగామ నందిగామే. కాగితాల కెక్కిన పేర్లకు ఢోకా లేదు. చెలకలకు, కుంటలకు, దిబ్బలకు పెద్దలు పెట్టుకున్న పేర్ల సంగతే బెంగ. చెలక ఇళ్ళస్థలమైతే పేరూ పోతుంది. ధనబోడు ఇటుకలు పోయినా పేరు మిగిలింది గనుక, అక్కడ విలువైనదేదో వుండేదని జనానికి తెలిసింది. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో వుంటే, ఈ సెలవుల్లో పిల్లలచేత ఆ పేర్లు అడిగించి ఒక పుస్తకంలో రాయించండి.