దుకాణం మూసినా తీరని బాకీ

1906లో అమెరికాలోని మాసచుసెట్స్ రాష్ట్రంలో, లిన్ పట్టణంలో, విలియం టి. గ్రాంట్ ఒక దుకాణం తెరిచాడు. 25 సెంట్లకు మించిన వస్తువు అందులో ఉండేది కాదు. ఆ ఒక్క దుకాణమే కాలక్రమాన దాదాపు 1200 దుకాణాల సంస్థగా విస్తరించింది. పెరిగినకొద్దీ సంస్థ చౌక సరుకుతో తృప్తిపడక కుర్చీలు, బల్లలు, రిఫ్రిజిరేటర్ల వంటి ఖరీదైన వస్తువులు కూడా అమ్మజూపింది. రొక్కమిచ్చి కొనలేని వారికి విరివిగా అరువిచ్చింది. ఖాతాదారు తాహతు విచారించడం కంటె కొత్త ఖాతాలు తెరవడమే ఉద్యోగులకు పరమావధి అయింది. గ్రాంట్ 1972లో కన్నుమూశాడు. 1975 అక్టోబరులో సంస్థ దివాలా కోర్టును ఆశ్రయించింది. 1976లో దుకాణాలు మూతపడ్డాయి.

అప్పటికి మిగిలిన ఆస్తులలో ముఖ్యమైనవి ఖాతాదారుల బాకీలు. కాగితం మీద అవి కోట్ల డాలర్లు. అయితే ఇటువంటి సమయాల్లో కాగితం మీది మొత్తం వేరు, చేతికి వచ్చేది వేరు.

ఎందువల్ల? అరువు తీర్చేలా మనిషిని పురికొల్పేది చట్టభయం కంటె, రేపు మళ్లీ అదే గడప తొక్కాలన్న ఆలోచన. దుకాణమే లేనప్పుడు ముఖం చాటు చేయవలసిన అవసరం కూడా ఉండదు. పాత గుమాస్తాలు చెల్లాచెదరవుతారు. సరుకు చెడిపోయిందని ఒకరు, బాకీ ఎన్నడో తీర్చేశామని మరొకరు వాదిస్తారు. చిన్న మొత్తాలకు దావా వేస్తే రాబడికన్న ఖర్చే ఎక్కువ కావచ్చు.

మన ఊళ్లలోనూ "ఫలానావారు ఐ.పి. పెట్టారు" అన్న మాట పొక్కగానే, ఇక బాకీ తీర్చనక్కరలేదని సంబరపడేవారు ఉంటారు. చట్టం అలా చెప్పదు. సొంత వ్యాపారి దివాలాదారుగా నిర్ణయమైతే, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం, అతనికి రావలసిన బాకీలతో సహా ఆస్తి కోర్టుకో, రిసీవరుకో సంక్రమిస్తుంది. కంపెనీని మూసివేయవలసి వస్తే, 2016 నాటి దివాలా స్మృతి కింద లిక్విడేటరు ఆ బాధ్యత వహిస్తాడు. కనుక పాత యజమాని చాటుగా వచ్చి అడిగినా అతని చేతిలో డబ్బు పెట్టడం ప్రమాదం. రెండోసారి కట్టవలసి రావచ్చు.

వసూలు చేసేవారికి కాలమే శత్రువు. అరువు సరుకు ధర కోసం దావా వేయడానికి గడువు సాధారణంగా 3 సంవత్సరాలు. ఈలోగా బాకీదారు సంతకం చేసి బాకీ ఒప్పుకుంటే, లేదా రాతపూర్వకంగా కొంత జమ కడితే, గడువు మళ్లీ మొదలవుతుంది. లేకుంటే బాకీకి కాలదోషం పడుతుంది. అందుకే సమర్థులైనవారు ఆలస్యం చేయక చిట్టా, ఆవర్జాలు స్వాధీనపరచుకుని, ప్రతి ఖాతాదారుకూ లెక్క పంపుతారు. వాయిదాలకు అంగీకరిస్తారు, అవసరమైతే కొంత తగ్గించి రాజీపడతారు. సంస్థే ఖాతాదారుకు బాకీ ఉంటే, ఆ మేరకు చెల్లుకు చెల్లు.

వచ్చిన డబ్బు ఎవరికి? 2016 స్మృతి ప్రకారం ముందుగా ప్రక్రియ ఖర్చులు. ఆ తరువాత 24 నెలల వరకు కార్మికుల బకాయిలు, వాటితో సమానంగా తమ తాకట్టు హక్కు వదులుకున్న ఋణదాతల బాకీలు. వాటాదారుల వంతు చిట్టచివర.

దుకాణం మూసిన తరువాత ఎగవేసిన వంద రూపాయలు యజమానికి తగిలే దెబ్బ అనుకుంటారు. నిన్నటిదాకా అదే దుకాణంలో సరుకు తూచి, పొట్లం కట్టి ఇచ్చిన పనివాడి జీతం వాటిలో ఉండవచ్చు.