వార్తాపత్రికకు వెల యెవ్వ రిచ్చుచున్నారు?



ఉదయమున గ్రంథాలయమునకు వచ్చు వార్తాపత్రికను మనము కొలది రూపాయలకే కొనుచున్నాము. కాగితము, సిరా, అచ్చుకూలి, విలేఖరుల జీతములు, తెల్లవారకముందే ఊరూరికి చేర్చు బండికూలి, ఇవన్నియు లెక్కించినచో ఆ వెల చాలదని ధాన్యము కొలిచి యమ్మిన వా రెవ్వరైనను చెప్పగలరు. ఏండ్ల తరబడి నష్టమునకు సరకమ్ము వర్తకుడు లోకమున లేడు. మఱి తక్కువపడిన ధన మెక్కడనుండి వచ్చుచున్నది?

ప్రకటనలనుండి వచ్చుచున్నది. మన పెద్దలు దేహళీదీపన్యాయ మని యొకటి చెప్పుదురు. గడపమీది దీపము లోనింటికిని వాకిటికిని వెలుగు నిచ్చును. పత్రికయు నట్టిదే. ఒకవైపు చదువరికి వార్త నమ్మును; రెండవవైపు వర్తకునకు ఆ చదువరి దృష్టి నమ్మును. నూనె పోయువా డెవ్వడో వానివైపునకే వత్తి యొఱగుట సహజము.

1833వ సంవత్సరమున న్యూయార్కు నగరమున బెంజమిన్ డే యను ముద్రాపకుడు 'సన్' అను పత్రికను ఒక్క సెంటున కమ్మ మొదలిడెను. ఆనాడు పెద్ద పత్రికల వెల ఆరు సెంట్లు. కూలివాడును కొనగలిగెను, చదువరులు పెరిగిరి, వారిని జూచి ప్రకటనలు వచ్చినవి. ఇందు మేలు లేదని నేననను. చదువు కలవారి సొత్తుగా నుండుట కొంత తప్పినది.

అయితే చదువరు లెందఱున్నను చాలదు. వారి చేత డబ్బుండవలెను. ఇందుకు లండనులోని 'డైలీ హెరాల్డు' కథ చాలును. 1912లో పుట్టిన ఆ పత్రిక కార్మికుల పక్షము వహించినది. 1933లో దినమునకు ఇరువది లక్షల ప్రతులు పోయినవి. 1964లో మూతపడునాటికిని దానిని చదువువారు 47 లక్షలమంది. టైమ్సు, గార్డియను, ఫైనాన్షియల్ టైమ్సు మూడింటిని కలిపి చదువువారికి ఇంచుమించు రెట్టింపు! అయినను ఆ మూడును బ్రదికినవి, ఇది చచ్చినది. అమ్ముడుపోవు ప్రతులలో దాని వంతు నూటికి 8.1, ప్రకటనల రాబడిలో 3.5 మాత్రమే. కూలివారు చదువు పత్రికలో ఖరీదైన సరకును ప్రకటించిన నేమి లాభమని వర్తకులు తలంచిరి. ఏ ప్రభుత్వమును దానిని నిషేధింపలేదు, ఎవ్వరును ముద్రాయంత్రమునకు తాళము వేయలేదు. జేమ్సు కరన్ అను చరిత్రకారుడు ఈ లెక్కలను ఎత్తి చూపియుండనిచో, జనులు విసిగి మానిరనియే మన మనుకొందుము.

ఈ విషయమును శాస్త్రముగా విమర్శించినవారును గలరు. హిట్లరుకాలమున జర్మనీ విడిచి అమెరికా చేరిన అడోర్నో, హోర్క్‌హైమరు అను తత్త్వవేత్తలు 1947లో ప్రచురించిన గ్రంథమున, సినిమాలు, రేడియోలు కథలను పాటలను కర్మాగారపు సరకువలె ఒకే మూసలో పోయుచు, జనుల బుద్ధిని మొద్దుబార్చుచున్నవని వాదించిరి. నాకిది సగమే సమ్మతము. హరికథలో దాసుగారు తాళము తప్పినచో ముందువరుసలోని వృద్ధులు దగ్గుట మన మెఱుగమా? వినువాడు ఒట్టి మట్టిముద్ద కాడు. కెనడాదేశీయుడు డాలస్ స్మైతు 1977లో చెప్పిన మాట ఇంతకంటె సూటియైనది. ప్రకటనలతో బ్రదుకు సంస్థ యమ్ము అసలు సరకు వార్తయు కాదు, పాటయు కాదు; చదువువారును వినువారునే ఆ సరకు. నేడు మన మనుమల సెల్‌ఫోనులలో ఆటపాట లన్నియు ఉచితముగా వచ్చుట కిదియే ముఖ్యకారణము.

తెలుగునాట వేఱొక మార్గమును గనబడినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము మొదలిడి, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసున దినపత్రిక చేసిరి. తలనొప్పి మందు లాభము దేశసేవకు అండయైనది. అచ్చట నూనె పోసినవారును, వత్తి యెగద్రోసినవారును ఒక్కరే. యజమాని పంతులుగారివంటి వాడైన సరే. కానినాడు చదువరికి దిక్కెవ్వరు?

ఇక పల్లెలమాట. నగల దుకాణమునకు, ఇండ్ల స్థలములకు నిండుపుటలు దొరకుచున్నవి. కాలువ చివరి పొలములకు నీరందలేదన్న వార్త లోపలిపుటలో నాలుగు పంక్తులై యుండును. పత్రికవారికి మనపై ద్వేషము లేదు. ఆ నాలుగు పంక్తుల ప్రక్కన తన సరకును ప్రకటింపగోరు వర్తకుడు లేడు.