కొల్లేటి మట్టం 51 అడుగులా?

ఆకివీడు దగ్గర ఉప్పుటేరు ఒడ్డున ఎప్పుడైనా నిలబడి చూశారా? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వీటికి తోడు లెక్కలేనన్ని కాలువలూ డ్రెయిన్లూ తెచ్చి పోసే నీటినంతా కొల్లేరు కడుపులో దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని ఈ ఉప్పుటేరు గుండా మెల్లమెల్లగా సముద్రానికి సాగనంపుతుంది. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒక్కటి. అందుకే ఎగువన వానలు ముమ్మరంగా కురిసినప్పుడు లంక గ్రామాలవాళ్ళు ఒకరినొకరు అడిగే మొదటి మాట, "ఎన్ని అడుగులుంది?" అని. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళను ముంచెత్తినప్పుడు, ఆ నీరు దిగివచ్చి చేరవలసింది కూడా కొల్లేటిలోకే.

మీ బడిలో పదిమంది కలిసి ఒక పని తలపెట్టారనుకుందాం. సరస్సు చుట్టూ నాలుగైదు ఊళ్ళలో అడుగులు గుర్తుపెట్టిన కొలతకర్రలు పాతుతారు. ఊరికొకరు చొప్పున రోజూ పొద్దున్నే మట్టం చదివి, సెల్‌ఫోను ద్వారా ఏలూరులో ఉన్న ఒక కంప్యూటరుకు పంపుతారు. ఏ ఊరివారైనా సరే ఆ కంప్యూటరును అడిగి ఆనాటి మట్టం తెలుసుకోవచ్చు. వినడానికి చాలా తేలికగా ఉంది కదూ! కాని ఆ కంప్యూటరు వైపునుంచి ఒక్కసారి ఆలోచించండి. దానికి కొల్లేరు కనిపించదు, మీ ముఖమూ కనిపించదు. దాని దగ్గరకు వచ్చేది తీగమీద కొన్ని అక్షరాలు మాత్రమే. వచ్చినది నిజంగా నీటిమట్టమేనా? పంపినది నిజంగా ఆ ఊరి మనిషేనా? ఈ రెండూ తేల్చుకోలేకపోతే, వరద రాత్రి అది చెప్పే జవాబు నమ్మి ఎవరూ సామాను సర్దుకోలేరు, సర్దుకోకుండా ఉండనూ లేరు.

కిటికీ, దాని వెనక గది

తపాలా కార్యాలయంలో కిటికీ ముందు నిలబడతాం. బిళ్ళలు, మనియార్డరు, ఇలా బోర్డు మీద రాసినవాటినే అడుగుతాం. లోపలి ఇనప్పెట్టె దగ్గరకు మనం వెళ్ళము. వెబ్‌లో మీరు చూసే బొమ్మలూ బొత్తాలూ కిటికీ ఇవతలివి. లెక్కల పుస్తకాలున్న లోపలి గదిని 'బ్యాకెండు' అంటారు. కిటికీలో ఏ కోరికలు అడగవచ్చో, ఏ కాగితం ఏ రూపంలో ఇవ్వాలో, తిరిగి ఏమి వస్తుందో చెప్పే ఒప్పందమే 'ఏపీఐ'. మన కొల్లేటి పుస్తకానికి రెండే కోరికలు చాలు: 'మట్టం చెప్పు', 'మట్టం రాసుకో'.

పశ్చిమ గోదావరి జిల్లాకు ఇటువంటి కిటికీలు కొత్త కావు. ఏలూరు ముఖ్యపట్టణంగా జిల్లా అంతా ఒకటిగా ఉన్న రోజుల్లో, 2002లో, అక్కడి మండలాలలో ఈ-సేవ కేంద్రాలు తెరిచారు. వాటిని నడిపే బాధ్యత పొదుపు సంఘాల మహిళలకు అప్పగించటం ఆ పథకంలోని విశేషం. అర్జీ ఇవ్వటానికీ, అది ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవటానికీ కచేరీల చుట్టూ తిరిగే పని తగ్గించటం దాని ఉద్దేశం. 2011లో మీసేవ వచ్చింది. అందులో అధికారి సంతకం కూడా కంప్యూటరు సంతకమే.

అంకెలన్నీ సంఖ్యలు కావు

ఇక మొదటి చిక్కు. నిన్నటి మట్టం 5 అడుగులు. రాత్రి ఇంకొక అడుగు పెరిగిందని కబురు వచ్చింది. 5, 1 కలిపితే ఎంత? మీరు 6 అంటారు. మన కంప్యూటరు ఒక్కొక్కప్పుడు 51 అంటుంది!

దానికి మతి పోయిందనుకోకండి. ఫోను తెర మీది గడిలో మీరు కొట్టిన 5, కంప్యూటరుకు సంఖ్యగా చేరదు, ఒక అక్షరంగా చేరుతుంది. వెబ్ పేజీలలో విరివిగా వాడే జావాస్క్రిప్టు భాషలో, సంఖ్యల మధ్య కూడిక గుర్తు పెడితే కూడుతుంది, అక్షరాల మధ్య పెడితే పక్కపక్కన అతికిస్తుంది. 'రామ' పక్కన 'య్య' చేర్చినట్టే 5 పక్కన 1 చేర్చింది. ఆ భాష మొదటి రూపాన్ని 1995లో బ్రెండన్ ఐక్ పది రోజులలో తయారుచేశాడు. ఆ తొందర ప్రపంచమంతా ఇప్పటికీ అనుభవిస్తూనే ఉంది!

దీనికి తలకిందుల పొరపాటు కూడా ఉంది. ఏలూరు టెలిఫోను కోడు 08812, తాడేపల్లిగూడేనిది 08818. వీటిని సంఖ్యలని చెప్పి దాచమంటే, ముందున్న సున్నాకు విలువ లేదని కంప్యూటరు దాన్ని పారేస్తుంది. కోడు పనికిరాకుండా పోతుంది. ఏది సంఖ్యో ఏది కాదో తెలుసుకోవటానికి ఒక కిటుకు ఉంది. రెండింటిని కూడితే అర్థముంటుందా అని అడగండి. రెండు ఊళ్ళ కోడులు కూడితే ఏమొస్తుంది? ఏమీ రాదు. కాబట్టి కోడు సంఖ్య కాదు, పేరు లాంటిది. పొలం సర్వే నంబరు, ఇంటి నంబరు కూడా అంతే. పట్టికలు వేసే ప్రోగ్రాములో 3-4 అని ఇంటి నంబరు కొట్టి చూడండి. అది చాలాసార్లు తేదీగా మారిపోతుంది. మనిషి జన్యువులకు పెట్టిన కొన్ని పొట్టి పేర్లు ఇలాగే మార్చి, సెప్టెంబరు నెలల తేదీలుగా మారిపోతూ ఉండటంతో, శాస్త్రజ్ఞులు విసిగి 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు.

ఇలా ప్రతి వస్తువుకూ 'ఇది ఫలానా రకం' అని ముందే చెప్పి, ఆ రకానికి తగని పని చేయనివ్వకపోవటమే రకభద్రత. సంఖ్య, అక్షరాలు, తేదీ అనే మూడు రకాలతో సరిపోదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో '50' అని ఒక్క అంకె రాసి చూపితే, బస్తాలా, క్వింటాళ్ళా అని అడగరూ? కొల్లేటిలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దు గీసింది +5 కాంటూరు వరకు. అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున సాగే గీత. దాని లోపలి విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. ఆ 5ను ఎవరైనా మీటర్లనుకుంటే 16 అడుగులు దాటిపోతుంది. +10 అడుగుల గీత దగ్గరే సరస్సు విస్తీర్ణం 900 చదరపు కిలోమీటర్ల దాకా పోతుందని అంచనా. ఒక్క మాట తేడాతో ఎన్ని ఊళ్ళు నీళ్ళలోకి వెళతాయో చూడండి.

సరిగ్గా అదే 1999లో, సెప్టెంబరు 23న, అంగారకుని చేరబోతున్న అమెరికా నౌక 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' నాశనమయింది. భూమి మీది ఒక ప్రోగ్రాము రాకెట్ల తోపును పౌండ్ల లెక్కన ఇచ్చింది. దాన్ని అందుకున్న ప్రోగ్రాము న్యూటన్ల లెక్క అనుకుంది. ఒకటికి ఇంచుమించు నాలుగున్నర రెట్లు తేడా! నౌక అనుకున్నదానికన్న బాగా కిందికి దిగిపోయింది. ఆ అంకెలకు 'పౌండు', 'న్యూటన్' అని రకాల పేర్లు తగిలించి ఉంటే, రెండూ కలవవని కంప్యూటరే మొరపెట్టి ఉండేది.

రకాలు సరిచూసే పనిని ప్రోగ్రాము నడవకముందే చేసిపెట్టే భాషలు చాలా ఉన్నాయి. జావాస్క్రిప్టుకు అటువంటి కాపలా కట్టి, 2012లో మైక్రోసాఫ్టు సంస్థ టైప్‌స్క్రిప్టును విడుదల చేసింది. దాని రూపకర్త ఆండర్స్ హెయిల్స్‌బర్గ్. అందులో 'అడుగులు' ఉండవలసిన చోట మీరు పేరు పెడితే, అక్కడికక్కడే ఎర్రగీత పడుతుంది. కాని ఇక్కడ చాలామంది పెద్దవాళ్ళు కూడా జారిపడతారు. ఆ కాపలా ప్రోగ్రాము రాసేటప్పుడు మాత్రమే. నడిచే వేళకు రకాల గుర్తులన్నీ చెరిగిపోతాయి. ఇంట్లో పెట్టెలన్నీ చక్కగా సర్దుకున్నాం సరే, వీధిలోంచి వచ్చే మూటలో ఏముందో ఎవరు చూస్తారు? అందుచేత కిటికీ దగ్గరే ఇంకొక తనిఖీ ఉండాలి. మట్టం అనే గడి ఉన్నదా, అందులోది సంఖ్యేనా, మనం పెట్టుకున్న 0, 15 హద్దుల మధ్య ఉందా అని చూడాలి. ఏ ఒక్కటి తప్పినా 400 అనే సంకేతంతో కాగితాన్ని తిప్పి పంపాలి.

ఇంత చేసినా 2.4 బదులు 4.2 అని పంపితే? రెండూ సంఖ్యలే, రెండూ హద్దులోవే. రకభద్రతకు అది పట్టుబడదు. నిన్నటి అంకెతో, పక్క ఊరి అంకెతో పోల్చి చూడటం ఒకటే దారి.

నువ్వెవరివి?

రెండో చిక్కు మనిషిని గుర్తుపట్టటం. మట్టం అడగటానికి ఎవరైనా రావచ్చు. రాయటానికి మాత్రం కొలతకర్ర అప్పగించినవారే రావాలి. లేకపోతే ఎవడో ఆకతాయి అర్ధరాత్రి 14 అడుగులని రాస్తే, లంకల్లో పిల్లాజెల్లా అంతా గట్టెక్కి కూర్చుంటారు.

గుర్తుకు రహస్యపదం, అంటే పాస్‌వర్డు పెడతాం. దాన్ని ఎక్కడ దాచాలి? 1960లలో అమెరికాలోని ఎమ్‌ఐటీ విద్యాసంస్థలో, అనేకులు ఒకేసారి వాడుకునే కంప్యూటరు ఒకటి ఉండేది. ఒకనాడు ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో రెండు పత్రాలు దిద్దుతున్నారు. ఒకటి అందరి రహస్యపదాల జాబితా, రెండోది ఆనాటి ప్రకటన. లోపల రెండింటికీ చిత్తుకాగితం ఒకటే కావటంతో పత్రాలు తారుమారయ్యాయి. ఆ రోజు కంప్యూటరు దగ్గరకు వచ్చిన ప్రతివారికీ స్వాగతంగా అందరి రహస్యపదాలూ దర్శనమిచ్చాయి!

కనుక జాబితాలో పదాన్ని పదంగా రాయనే కూడదు. వెనక్కి తిప్పలేని లెక్క ఒకటి చేసి, జవాబు మాత్రం దాచాలి. ఒక ఆట ఆడండి. ఒక రెండంకెల సంఖ్యను వర్గం చేసి, చివరి రెండంకెలు ఉంచుకోండి. 12 వర్గం 144, మిగిలేది 44. ఇప్పుడు ఆ 44 చూసి మొదటి సంఖ్య చెప్పమనండి. 38 కావచ్చు (1444), 62 కావచ్చు (3844), 88 కూడా కావచ్చు (7744). ముందుకు పోవటం క్షణం, వెనక్కి రావటం అయోమయం. మన ఆటలో నలుగురికి ఒకే జవాబు రావటం లోపమే. నిజంగా వాడే హాష్ లెక్కలలో ఇద్దరికి ఒకే జవాబు రావటం ఆచరణలో జరగదన్నంత అరుదు.

ఇద్దరు మిత్రులు ఒకే పదం పెట్టుకుంటే జాబితాలో ఒకే జవాబు కనిపించి గుట్టు బయటపడుతుంది గదా? అందుకని ఒక్కొక్కరి పదానికి ఒక్కొక్క యాదృచ్ఛిక సంఖ్య కలిపి లెక్క చేస్తారు. యూనిక్స్‌లో ఈ పద్ధతిని మోరిస్, థాంప్సన్ అనే ఇద్దరు 1979లో వివరించారు. ఆ సంఖ్య పేరేమిటో తెలుసా? ఉప్పు! లెక్కను కావాలనే నెమ్మదిగా సాగేట్టు చేస్తారు కూడా. మీకు పావు సెకను ఆలస్యమయితే నష్టం లేదు, కోట్ల పదాలు వరసగా ప్రయత్నించే దొంగకు ప్రాణం విసుగుతుంది.

ప్రతి కోరికతోనూ రహస్యపదం పంపటం మంచిది కాదు. ఒకసారి సరిచూశాక కంప్యూటరు ఒక టోకెను ఇస్తుంది. ఇవి రెండు తీరులు. ద్వారకా తిరుమలలో చెప్పులు అప్పగిస్తే ఇచ్చే బిళ్ళ మీద ఒక నంబరే ఉంటుంది, దాని సంగతంతా అవతలివాడి దగ్గర ఉంటుంది. బస్సు టిక్కెట్టు అలాకాదు, ఎక్కడినుంచి ఎక్కడికో దానిమీదే రాసి ఉంటుంది. ఈ రెండో తీరుకు 2015లో స్థిరపడిన ప్రమాణం పేరు జేడబ్ల్యూటీ. అందులో మూడు ముక్కలు, మధ్యన చుక్కలు. మూడోది ముద్ర. సర్వరుకు మాత్రమే తెలిసిన రహస్యంతో, మొదటి రెండు ముక్కలమీద లెక్క కట్టి ముద్ర వేస్తారు. 'చూసేవాడు' అన్నచోట దొంగతనంగా 'రాసేవాడు' అని మారిస్తే ముద్ర సరిపడదు. లోపల రాసింది మాత్రం ఎవరైనా చదవగలరు, కాబట్టి రహస్యాలు రాయకూడదు. ఎవరో తెలియనివారికి 401, తెలిసినా అనుమతి లేనివారికి 403 అని జవాబు వెళుతుంది.

ఆ మొదటి ముక్కలో ఏ రకం ముద్ర వేశారో రాసి ఉంటుంది. 2015లోనే ఒక తమాషా బయటపడింది. అక్కడ 'ముద్ర లేదు' అని రాసి పంపితే, కొన్ని సర్వరు ప్రోగ్రాములు "ఓహో, ముద్ర లేదన్నమాట!" అని తల ఊపి లోపలికి పంపేస్తున్నాయి. తాళం ఎలాంటిదో దొంగనే అడిగినట్టుంది కదూ! ఏ ముద్ర ఒప్పుకోవాలో సర్వరే ముందుగా నిర్ణయించుకోవాలి.

పడవలోనుంచి మట్టం చదువుతూ మీ మిత్రుడు ఫోను నీళ్ళలో జారవిడిచాడనుకోండి, లేదా ఎవరో దాన్ని కాజేశారనుకోండి. చెప్పుల బిళ్ళ తీరు అయితే పుస్తకంలో ఆ నంబరు కొట్టేస్తే సరి. బస్సు టిక్కెట్టును అలా వెనక్కి పిలవలేం, గడువు తీరేదాకా అది చెల్లుతూనే ఉంటుంది. అందువల్ల రెండూ కలిపి వాడతారు. ముద్ర టోకెనుకు పావుగంట గడువు పెట్టి, అది తీరగానే కొత్తది తెచ్చుకోవటానికి పుస్తకంలో నంబరున్న బిళ్ళ ఒకటి ఇస్తారు. ఫోను పోయిందని కబురు అందగానే పుస్తకంలో ఆ నంబరు కొట్టేస్తారు. ఆ తరువాత ఎక్కువలో ఎక్కువ పావుగంట, ఆపైన ఆ ఫోను కొల్లేటి మట్టాన్ని మార్చలేదు.