కార్డు లెక్క తేలాలంటే

క్రెడిట్ కార్డు లావాదేవీలను కంప్యూటర్లోని ఇంటి లెక్కల్లోకి దించుకోవడం రెండు నిమిషాల పని అనుకుంటారు చాలామంది. బ్యాంకు దగ్గర వివరాలున్నాయి, మన దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంక అడ్డేముంది అనిపిస్తుంది. అడ్డు చాలానే ఉంది. విజయనగరంలో చిన్న వ్యాపారులకీ, ఉద్యోగుల కుటుంబాలకీ లెక్కలు చూసిపెట్టే నాకు నెలనెలా ఎదురయ్యేది అదే. గంటస్తంభం దగ్గర బట్టల కొట్టాయనైనా, శ్రీకాకుళం టీచరమ్మైనా, పలాస జీడిపప్పు వ్యాపారి ఇంటివాళ్లైనా తెచ్చే ప్రశ్న ఒకటే: "అన్నీ డౌన్‌లోడ్ చేశాం, మరి లెక్క ఎందుకు కుదరటం లేదు?"

కుదురుతుంది. ఎక్కడ తప్పుతోందో తెలియాలి, అంతే.

వరసలు పెరిగాయి

ఒకప్పుడు కార్డు తీసేది ఫ్రిజ్ కొనడానికో రైలు టికెట్లకో. నెలకి నాలుగైదు వరసలు ఉండేవి, చేత్తో ఎక్కించేసేవాళ్లం. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలపడానికి 2022 జూన్‌లో రిజర్వు బ్యాంకు అనుమతించింది. ఆ సెప్టెంబరు నుంచే అది వాడుకలోకి వచ్చింది. కొట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కూరగాయలూ, మందులూ, టిఫిన్లూ కూడా కార్డు మీద కొనేస్తున్నాం. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వచ్చే నెలలో మా ఊళ్లో ఒక్కో ఇంటి స్టేట్‌మెంటు పేజీలకు పేజీలు సాగుతుంది. అన్నేసి వరసలు చేత్తో ఎక్కించే ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఫైలు దించుకోక తప్పదు.

లెక్క చూసుకోకపోతే నష్టం చిన్నది కాదు. మొత్తం బకాయి కట్టకుండా కనీస మొత్తం కట్టి ఊరుకుంటే, పాత బాకీ మీదే కాదు, కొత్తగా కొన్నవాటి మీద కూడా వడ్డీ మొదలవుతుంది. ఏడాదికి 40 శాతం దాటే వడ్డీ వేసే కార్డులున్నాయి. నెల మధ్యలో కార్డు మీద ఎంత అప్పుందో తెలిసిన ఇల్లు ఆ ఊబిలో దిగదు.

బ్యాంకులు ఏమిస్తున్నాయి

బ్యాంకుకీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య ఉమ్మడి పద్ధతి ఒకటి ఉండాలని అమెరికాలో ఎప్పుడో గుర్తించారు. 1997లో మైక్రోసాఫ్ట్, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ కలిసి ఓఎఫ్‌ఎక్స్ అనే ఫైలు పద్ధతిని తెచ్చాయి. అందులో ప్రతి లావాదేవీకీ బ్యాంకే ఒక గుర్తింపు సంఖ్య వేసి పంపుతుంది. అదే లావాదేవీ మళ్లీ వస్తే సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్య చూసి పక్కన పెట్టేస్తుంది.

మన దగ్గర కార్డు లెక్క ఎక్కువగా వచ్చేది పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌గా. అది మనిషి చదువుకోవడానికి బాగుంటుంది. అందులో ఏది తేదీ, ఏది పేరు, ఏది మొత్తం అన్నది కంప్యూటర్‌కి తేలిగ్గా అంతుపట్టదు. కొన్ని బ్యాంకులు ఎక్సెల్ గానీ సీఎస్‌వీ గానీ ఇస్తాయి. సీఎస్‌వీ అంటే తేదీ, వివరం, మొత్తం కామాలతో విడదీసి ఉండే మామూలు ఫైలు. గ్నూక్యాష్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని తీసుకుంటుంది. అయితే గుర్తింపు సంఖ్య ఉండే సీఎస్‌వీలు తక్కువ. ఏప్రిల్ 1 నుంచి 30 దాకా ఒకసారి, ఏప్రిల్ 20 నుంచి మే 20 దాకా ఇంకోసారి దించితే మధ్యలోని పదకొండు రోజుల ఖర్చు రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. అందుకని ఎప్పుడు దించినా బిల్లు తేదీ నుంచి బిల్లు తేదీ వరకే దించండి.

తప్పే చోట్లు

మొదటిది తేదీ. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 03/04/2025ని ఏప్రిల్ 3 అనుకోదు, మార్చి 4 అనుకుంటుంది. 25/04/2025 వచ్చేసరికి ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు. గుర్తుపట్టడం సులువే. ఎక్సెల్‌లో పన్నెండో తేదీ వరకూ ఉన్నవి వేరే నెలల్లోకి చెదిరిపోయి, పదమూడు నుంచి ఉన్నవి గడిలో ఎడమవైపుకి అతుక్కుని ఉంటే రోగం ఇదే. కంప్యూటర్‌లో ప్రాంతాన్ని ఇండియాగా మార్చి, ఫైలు మళ్లీ తెరవండి.

రెండోది జమ. వస్తువు వెనక్కిస్తే వచ్చిన డబ్బు స్టేట్‌మెంటులో అంకె పక్కన 'సీఆర్' అన్న రెండక్షరాలతో ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ అక్షరాలను వదిలేసి అంకెను మాత్రం తీసుకుంటాయి. దాంతో వెనక్కొచ్చిన డబ్బు కూడా ఖర్చులో కలిసిపోతుంది.

మూడోది బిల్లు కట్టిన డబ్బు. బట్టల కొట్టాయన ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "ఏటమ్మా ఇది, బిల్లు కట్టీసినా ఖర్చు రెట్టింపు చూపిత్తంది?" అన్నారు. కార్డు మీద కొన్నప్పుడు ఒకసారి ఖర్చు పడింది. ఆ బిల్లును పొదుపు ఖాతా నుంచి కట్టినప్పుడు అదీ ఖర్చుగానే పడింది. కార్డును అప్పుల కింద ఒక ఖాతాగా పెట్టాలి. బిల్లు కట్టడమంటే పొదుపు ఖాతాలోంచి తీసి ఆ అప్పు తీర్చడం. దాన్ని బదిలీగా రాస్తే రెట్టింపు పోతుంది. ఆయన లెక్కలో ఆ ఒక్కటి మార్చగానే ఏడాది ఖర్చంతా దారికొచ్చింది.

నాలుగోది పేర్లు. కొట్టు బోర్డు మీద ఒక పేరుంటుంది, స్టేట్‌మెంటులో యజమాని పేరో, డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ పేరో ఉంటుంది. నరసన్నపేటలో చీర కొన్న ఇల్లాలికి ఆ వరస చూసి అది చీర అని తెలియదు. వారానికోసారి కూర్చుని ఏది దేనికో రాసుకోవడమే దీనికి మందు. నెలాఖరుకి వదిలేస్తే ఎవరికీ గుర్తుండదు.

ఇవి కాక వాయిదాలున్నాయి. కొన్న వస్తువును ఈఎంఐగా మార్చుకుంటే ముందు మొత్తం జమ అవుతుంది, తర్వాత నెలనెలా అసలు, వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ విడివిడిగా పడతాయి. పెట్రోలు బంకులో పడిన సర్‌చార్జి తిరిగి జమ అయినా, దాని మీది జీఎస్టీ చాలా కార్డుల్లో వెనక్కి రాదు. లెక్కలో రూపాయీ రెండు రూపాయలూ తేడా వస్తే ముందు అక్కడ వెతకండి.

టాలీ అయ్యాకే లేవాలి

ఇవన్నీ గుర్తుపెట్టుకోలేకపోయినా ఒక్క అలవాటు చాలు. పాత షావుకార్లు చిట్టా రాసి, ఆవర్జాలోకి ఎత్తి, గల్లాపెట్టెతో సరిచూసుకున్నాకే కొట్టు కట్టేవారు. మనకు గల్లాపెట్టె లాంటిది స్టేట్‌మెంటులోని మొత్తం బకాయి.

ఒక నెల తీసుకుందాం. పాత బాకీ 12,460 రూపాయలు. కొత్తగా కొన్నవి 9,875. రుసుము 100, దాని మీద జీఎస్టీ 18. కట్టింది 12,460. వెనక్కిచ్చిన వస్తువు తాలూకు జమ 799. కలిపి తీసేస్తే బకాయి 9,194 ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్ 10,792 చూపిస్తోందనుకోండి. తేడా 1,598. దాన్ని సగం చేయండి, 799 వస్తుంది. ఆ అంకె జమ బదులు ఖర్చులో పడిందన్నమాట. తేడా సరిగ్గా ఒక లావాదేవీ అంత ఉంటే అది రెండుసార్లు పడిందో, అసలు పడలేదో. చేత్తో ఎక్కించినవాటిలో తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 54 బదులు 45 కొడితే వచ్చే తేడా అలాంటిదే. లెక్కలు రాసేవాళ్లం రోజూ వాడే ఉపాయాలివి. వీటికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు.

ఇలా సరిచూసే ఇంటికి మోసం కూడా త్వరగా దొరుకుతుంది. బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే మన మీద భారం పడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. ఫిర్యాదుకి 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు.

తాళంచెవి చేతులు మారకూడదు

పీడీఎఫ్‌ను ఎక్సెల్‌గా మార్చిపెడతామనే ఉచిత వెబ్‌సైట్లు బోలెడు. స్టేట్‌మెంటులో మీ పేరు, చిరునామా, మీరు ఏ రోజు ఎక్కడున్నారో అంతా ఉంటుంది. పాస్‌వర్డ్ తరచుగా పేరులో నాలుగక్షరాలూ పుట్టినరోజూ కలిపి ఉంటుంది. ఆ రెండూ ముక్కూమొహం తెలియనివాళ్లకి అప్పగించకండి. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడిగే ఏ యాప్‌కీ అసలు ఇవ్వకండి.

పాస్‌వర్డ్ ఇవ్వకుండా వివరాలు పంపడానికి మన దేశంలో పడిన మంచి దారి అకౌంట్ అగ్రిగేటర్. రిజర్వు బ్యాంకు 2016లో నిబంధనలు ఇచ్చింది, 2021 సెప్టెంబరు 2న అది జనంలోకి వచ్చింది. ఏ వివరం, ఎవరికి, ఎన్నాళ్లకి అన్నది మనం ఒప్పుకుంటేనే వెళ్తుంది. మధ్యలో చేరవేసే సంస్థకు ఆ వివరాలు చదివే వీలుండదు. ఇష్టం లేకపోతే ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు. డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు, బీమా, పింఛను ఈ దారిలోకి వచ్చాయి, తర్వాత జీఎస్టీ రిటర్నులూ చేరాయి. ప్రతి బ్యాంకు కార్డు లావాదేవీలూ ఇదే దారిలో సామాన్యుడి ఇంటి లెక్కకి చేరాలి.

లెక్క మనది

డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు మింట్ అనే సేవ వాడేవాడు. 2007లో మొదలై, 2009లో ఇంట్యూట్ చేతికి వెళ్లి, 2024 మార్చిలో అది మూతపడింది. "పిన్నీ, ఇన్నేళ్ల లెక్క పోతుందా?" అని ఫోన్ చేశాడు. గడువు లోపల అంతా సీఎస్‌వీగా దించుకోమన్నాను, దించుకున్నాడు. ఇక్కడ నాకు తెలిసిన ఒకావిడ కార్డు పోయి కొత్తది వస్తే, పాత నంబరు కింది స్టేట్‌మెంట్లు ఆ బ్యాంకు సైట్లో కనబడకుండా పోయాయి. ఆదాయపు పన్ను పనికి అవి కావలసి ఆవిడ పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

అందుకే నెలనెలా పీడీఎఫ్, సీఎస్‌వీ రెండూ దించి, ఫైలుకి 2025-04 అన్నట్టు ఏడాది, నెల పేరుగా పెట్టి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచండి. అలా పేరు పెడితే ఏళ్లు గడిచినా వరస తప్పదు.

బ్యాంకులను నేను అడిగేవి మూడు. ప్రతి కార్డుకీ సీఎస్‌వీ ఇవ్వండి. ప్రతి వరసకీ మారని గుర్తింపు సంఖ్య వేయండి. కార్డు మారినా పాత లెక్క కనబడనివ్వండి. ఇవి కొత్త కనిపెట్టుబళ్లేమీ కావు, ఇరవై ఏళ్ల పైబడి లోకానికి తెలిసిన పద్ధతులే. మీ బ్యాంకు ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. పలాసలోనూ పార్వతీపురంలోనూ అడిగేవాళ్లున్నారని తెలిస్తేనే అది బ్యాంకుకి చేయాల్సిన పనవుతుంది.