రోజుకొక జీవి: తైలవర్ణాల్లో చమత్కార చిత్రసాధన

చూసిన జంతువును ఉన్నదున్నట్లు చిత్రించడం ఒక విద్య అయితే, దాని జాతి లక్షణం చెడకుండా కాస్త ఊహ కలిపి, చూసేవారికి నవ్వు తెప్పించేలా చిత్రించడం మరొక విద్య. కళ్లజోడు పెట్టుకుని కాగితాలు తిరగేసే గుడ్లగూబ, గొడుగు పట్టుకుని వానలో నడిచే కప్ప, అద్దంలో తన కొమ్ములు చూసుకుని మురిసే మేక ఈ కోవలోకి వస్తాయి. సాధారణంగా పిల్లల పుస్తకాల్లో నీటిరంగుల బొమ్మలుగా కనిపించే ఇటువంటి జంతువులను, నిదానానికీ గాంభీర్యానికీ పేరుపడిన తైలవర్ణాల్లో, అదీ రోజుకొకటి చొప్పున చిత్రించడాన్ని నిత్యసాధనగా పెట్టుకున్న చిత్రకారులు ఉన్నారు. పైకి కాలక్షేపంలా కనిపించే ఈ పని నిజానికి నిశితమైన పరిశీలన మీద ఆధారపడినదనీ, జంతువును చూడటం రాని చేతిలో ఈ హాస్యం తేలిపోతుందనీ గుర్తించినప్పుడే దీని విలువ బోధపడుతుంది.

రోజుకొక చిత్రం అనే పద్ధతి ఇటీవలి కాలంలో ప్రచారంలోకి రావడానికి అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి చెందిన డ్యువేన్ కైజర్ అనే చిత్రకారుడు ముఖ్య కారకుడు. ఆయన 2004 డిసెంబరులో పోస్టుకార్డు పరిమాణంలో రోజుకొక తైలవర్ణ చిత్రం వేసి, దాన్ని ఇంటర్నెట్‌లో ప్రదర్శించి, అక్కడే అమ్మడం మొదలుపెట్టారు. ఆ బాటలో నడిచిన చిత్రకారిణి కెరోల్ మరీన్ 2014లో ఈ పద్ధతి గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే వెలువరించారు. చిన్న పరిమాణం, ఒకే విడతలో ముగింపు, మరునాడు మరో చిత్రం అన్న ఈ నియమాలు మొదట ఇంట్లోని మామూలు వస్తువుల చిత్రాలకు వర్తించినా, చమత్కార జంతువులకు అవి మరింత బాగా నప్పుతాయి. ఎందుకంటే ఒక చిలిపి ఊహకు ఉండే తాజాదనం నెలల తరబడి దిద్దుతూ కూర్చుంటే నిలవదు.

అయితే తైలవర్ణం తొందరపడే పదార్థం కాదు. రంగునిచ్చే పొడిని, అంటే వర్ణకాన్ని, ఎక్కువగా అవిసె గింజల నూనెలో మెత్తగా నూరి తయారుచేసే ఈ రంగు, నీటిరంగులా తడి ఆవిరై ఆరదు; నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసుల్లా అల్లుకుని, క్రమంగా గట్టి పొరగా మారుతుంది. అందువల్ల పైపూత తాకితే అంటుకోని స్థితికి రావడానికే ఒకటి రెండు రోజుల నుంచి వారం పైన పడుతుంది. ఈ వ్యవధి రంగును బట్టి మారుతుంది: మాంగనీసు ఉన్న అంబర్ వంటి మట్టిరంగులు త్వరగా ఆరితే, దంతపు నలుపుగా పిలిచే ఐవరీ బ్లాక్ చాలా ఆలస్యంగా ఆరుతుంది. పొరల మీద పొరలుగా వేసే చిత్రాల్లో, కింది పొరలో కంటే పై పొరలో నూనె ఎక్కువ ఉండాలన్న పాత సూత్రం ఇందుకే పుట్టింది. నూనె తక్కువైన పై పొర ముందుగా బిగుసుకుపోయి, కింది పొర ఇంకా కదులుతూ ఉంటే, చిత్రం మీద పగుళ్లు వస్తాయి.

రోజువారీ సాధకులు ఈ చిక్కును దాటే మార్గం పొరలనే మానుకోవడం. ఇటాలియన్ భాషలో అల్లా ప్రిమా అని పిలిచే విధానంలో, తడి రంగు మీదనే తడి రంగు వేసి, చిత్రాన్ని ఒకే విడతలో ముగిస్తారు. ఆరు అంగుళాల చదరపు పలక మీద ఇది గంట, రెండు గంటల పని. రంగు ఆరకపోవడం ఇక్కడ ఆటంకం కాదు సరికదా, అదే పెద్ద సదుపాయం: పిల్లి మూతి వంకరగా వస్తే ప్యాలెట్ నైఫ్‌తో ఆ భాగాన్ని గీకేసి మళ్లీ వేయవచ్చు, మొత్తం చెడితే టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడిచేసి అదే పలకను మరునాటికి వాడుకోవచ్చు. దీని ప్రమాదమల్లా రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బురదగా మారడమే కాబట్టి, కుంచె ఒకసారి పెట్టిన చోట మళ్లీ మళ్లీ రుద్దకుండా, ఎక్కడ ఏ రంగు ఎంత వేయాలో ముందే నిశ్చయించుకోవడం అలవడాలి. ఆ నిశ్చయం ఒక్క పెద్ద చిత్రంతో రాదు, వందల చిన్న చిత్రాలతో వస్తుంది. ఇంత సులువుగా రంగులు విప్పి కూర్చునే వీలు కూడా పూర్వం లేదు. 1841లో లండన్‌లో ఉన్న అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ నొక్కితే రంగు బయటికి వచ్చే లోహపు గొట్టానికి పేటెంటు పొందేవరకు, కలిపిన రంగులను పంది మూత్రాశయపు సంచుల్లో నిల్వచేసేవారు.

సాధన ఎలా సాగుతుందో మేక చిత్రం ఒకదానిని ఉదాహరణగా తీసుకుంటే స్పష్టమవుతుంది. మేక కంటిపాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా పొడవైన దీర్ఘచతురస్రంలా ఉంటుంది. దాని పైదవడకు ముందుపళ్లు ఉండవు, పైగా నమిలేటప్పుడు కింది పెదవి పక్కకు జారి, ఏదో ఎగతాళి చేస్తున్న ముఖంలా కనిపిస్తుంది. చిత్రకారుడు కొత్తగా కల్పించనక్కరలేని హాస్యం ఇది. మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ గీతల్లోనూ ఎచింగుల్లోనూ మేకలకు దక్కిన ప్రత్యేక స్థానాన్ని చూసినవారికి, పల్లెలో పెరిగిన కన్ను ఈ జీవిలో ఎంత చూడగలదో తెలుస్తుంది. ఆయన మాధ్యమం వేరైనా, పరిశీలనలో తైలవర్ణ సాధకులు నేర్చుకోవలసింది అక్కడ చాలా ఉంది.

ఇటువంటి మేకను వేయదలచినప్పుడు ముందుగా పలక తెల్లదనాన్ని బర్న్ట్ సియెన్నా వంటి ఎర్రమట్టి రంగును పలచగా పూసి అణచివేస్తారు. తెల్లని నేల మీద ప్రతి రంగూ ముదురుగా కనిపించి కన్నును మోసగిస్తుంది కనుక ఈ జాగ్రత్త అవసరం. తరువాత అల్ట్రామెరైన్ నీలాన్ని, బర్న్ట్ అంబర్‌ను కలిపితే వచ్చే నలుపుతో నీడ పడే భాగాలను పెద్ద పెద్ద ముద్దలుగా నింపి, వెలుతురు పడే భాగాలను చివరికి మిగులుస్తారు. కొత్తవారు ఇక్కడే పొరబడి, వెంట్రుక వెంట్రుకా గీయడానికి పూనుకుంటారు. బొచ్చు అనుభూతి కలగాలంటే వెలుగు, నీడ కలిసే అంచునూ, శరీరం నేపథ్యాన్ని తాకే అంచునూ అక్కడక్కడ కుంచెతో చెరిపితే చాలు, మిగిలినది చూసేవారి కన్నే పూరించుకుంటుంది. అన్నిటికన్నా చివర, పొడవైన కంటిపాప పై అంచున ఒక తెల్లని చుక్క పెట్టగానే జీవం వస్తుంది. ఆ మేక మెడలో పూలదండ వేసినా, తలపై రుమాలు చుట్టినా అది నమ్మదగినదిగా ఉండటానికి కారణం ఆ కన్ను, ఆ పెదవి సత్యంగా ఉండటమే. ఒక్కటి మార్చి తక్కినదంతా ఉన్నదున్నట్లు ఉంచడమే ఈ కళకు మూలసూత్రమని చెప్పవచ్చు.

ఈ సూత్రానికి చరిత్రలో గొప్ప నిదర్శనాలున్నాయి. ఇంగ్లండుకు చెందిన ఎడ్విన్ లాండ్‌సీర్ 1840లో వేసిన ఒక తైలవర్ణ చిత్రంలో న్యాయస్థానమంతా కుక్కలతో నిండి ఉంటుంది. న్యాయమూర్తి స్థానంలో కూర్చున్న తెల్లని పూడుల్ కుక్క తెరిచిన పుస్తకం మీద ముందుకాలు ఆనించి ఉంటుంది. దానికి ఏ వేషమూ వేయలేదు. పూడుల్ చెవుల మీదుగా సహజంగా వేలాడే ఉంగరాల జుట్టే ఇంగ్లిష్ న్యాయమూర్తి ధరించే విగ్గులా కనిపించడం వల్ల, చమత్కారమంతా చిత్రకారుడి చూపులోనే ఉంది. దీనికి భిన్నమైన మార్గం అమెరికన్ చిత్రకారుడు కాసియస్ కూలిడ్జ్‌ది. ఒక ప్రకటనల సంస్థ కోసం ఆయన 1903 నుంచి వేసిన పదహారు కుక్కల చిత్రాల్లో ఎక్కువ వాటిలో కుక్కలు పేకాట ఆడుతుంటాయి. వాటిలో ప్రసిద్ధమైన ఒకదానిలో, చుట్టూ పెద్ద కుక్కలు కూర్చుని ఉండగా, ఒక బుల్‌డాగ్ బల్ల కింద నుంచి తన నేస్తానికి ఏస్ ముక్కను కాలితో అందిస్తుంది. విమర్శకులు వీటిని చిన్నచూపు చూసినా, ఆ చిన్న మోసం చూడగానే కథ మొత్తం అర్థమయ్యేలా కూర్చిన నేర్పు మెచ్చదగినదే. ఏది ఉన్నతమని అడిగితే మాత్రం లాండ్‌సీర్ మార్గాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే పేకముక్కలు తీసేస్తే కూలిడ్జ్ కుక్కల్లో హాస్యం చాలావరకు పోతుంది, పూడుల్‌లో ఉన్నది మాత్రం ఎక్కడికీ పోదు.

రంగునే మార్చి అద్భుతం సాధించినవాడు జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్. 1911లో ఆయన వేసిన పసుపు ఆవు, వెనుక కాళ్లు గాలిలోకి విసిరి, ఒంటి మీద నీలి మచ్చలతో, ఎర్రని నేల మీద గంతులు వేస్తూ కనిపిస్తుంది. న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం ముందు నిలబడినవారికి ఆవు పసుపుగా ఎందుకుందన్న సందేహం రాదు, ఆనందానికి ఆ రంగే తగినదనిపిస్తుంది. మార్క్ ఇంత స్వేచ్ఛ తీసుకోగలగడానికి వెనుక ఉన్న సంగతి చాలామందికి తెలియదు: మ్యూనిక్‌లో ఆయన జంతువుల శరీర నిర్మాణాన్ని విద్యార్థులకు పాఠాలుగా బోధించిన వ్యక్తి. ఎముక ఎక్కడ వంగుతుందో ఎరిగినవాడు కనుకనే నీలి గుర్రాలను కూడా నిజమైన గుర్రాలుగా నిలబెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెర్డన్ వద్ద 1916లో ఆయన మరణించేనాటికి వయసు ముప్పై ఆరేళ్లు మాత్రమే. పారిస్‌లో సుంకాల శాఖలో పనిచేస్తూ, ఏ గురువు వద్దా నేర్చుకోకుండా చిత్రకారుడైన హెన్రీ రూసో అయితే ఫ్రాన్సు దాటి ఎన్నడూ వెళ్లకపోయినా, నగరంలోని వృక్ష, జంతు ఉద్యానవనాన్ని చూసి, 1891లో తుపానులో తత్తరపడే పులిని చిత్రించాడు.

తెలుగు పాఠకులకు ఈ లోకం కొత్తది కాదు. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికలో పావురాల రాజు చిత్రగ్రీవుడూ, ఎలుక హిరణ్యకుడూ మనుషుల్లా రాజనీతి మాట్లాడతారు, అయినా వలను కొరకవలసి వచ్చినప్పుడు హిరణ్యకుడు ఎలుకగానే కొరుకుతాడు. ఇతివృత్తం కోసం వెతుక్కునే సాధకులకు ఆ కథలు తరగని గని, పైగా వాటిని తైలవర్ణాల్లో వేయడానికి ఇంకా ఎంతో చోటు మిగిలి ఉంది.

రోజూ వేయడం వల్ల కలిగే లాభం నైపుణ్యం ఒక్కటే కాదు. ఏడాదికి రెండు మూడు చిత్రాలు వేసేవారు ప్రతి చిత్రం మీదా మోయలేనంత ఆశ పెట్టుకుంటారు, ఆ భయంతో కుంచె బిగుసుకుపోతుంది, బిగుసుకున్న చేతికి చిలిపితనం రాదు. రేపు మరొకటి వేయవచ్చునని తెలిసినవారు ఈ రోజు ఏనుగుకు ఊదారంగు వేసి చూడటానికి జంకరు. అలాగని రోజూ ఒకే పిల్లికి ఒకే టోపీ మార్చి మార్చి పెట్టడం సాధన కాదు. వారంలో కొన్ని రోజులైనా ఊహ పక్కనబెట్టి, పెరట్లోని ఉడతనో, వీధిలోని గేదెనో నిజంగా చూసి గీయనివారి చమత్కారం కొద్ది నెలల్లోనే అరిగిపోతుంది.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు: టైటానియం తెలుపు, అల్ట్రామెరైన్ నీలం, యెల్లో ఓకర్, బర్న్ట్ అంబర్, ఒక ఎరుపు, రెండు మూడు కుంచెలు, తెల్లని పూత పూసిన చిన్న బోర్డులు సరిపోతాయి. టర్పెంటైన్ ఆవిరి ఆరోగ్యానికి హానికరం కనుక కిటికీలు తెరిచి ఉన్న గదిలోనే పనిచేయాలి. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయడం అన్నిటికంటే ప్రమాదం. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి ఆ కుప్పలో చిక్కుకుని, నిప్పు తగలకుండానే మంట అంటుకునే అవకాశం ఉంది కాబట్టి, వాటిని విడివిడిగా పరిచి ఆరబెట్టాలి లేదా నీటిలో తడిపి మూతగల లోహపు డబ్బాలో వేయాలి. పూర్తయిన చిత్రాలను చీకటి పెట్టెల్లో దాచితే అవిసె నూనె పచ్చబడుతుంది, అందుచేత వాటిని వెలుతురు తగిలే గోడ మీద ఉంచి, పొర లోపలిదాకా గట్టిపడే వరకు, అంటే ఆరు నెలల నుంచి ఏడాది గడిచాకనే, వార్నిష్ పూయాలి.