రెప్పపాటు కాలం

విజయవాడలో ఇంద్రకీలాద్రిని దాటి హైదరాబాదు మార్గంలో పడమరకు సాగితే, కృష్ణానది ఒడ్డున భవానీపురం వస్తుంది. లారీలు, బస్సులు, ఆటోలు విరామమెరుగక తిరిగే తావు అది. అక్కడ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఒక ఆటో ఎదుటికి హఠాత్తుగా ఒక బాలుడు పరుగెత్తుకొని వచ్చాడనుకొందాం. డ్రైవరు కన్ను ఆ బాలుని చూచిన క్షణానికీ, అతని కాలు బ్రేకును నొక్కిన క్షణానికీ నడుమ కొంత కాలం గడుస్తుంది. దానినే ప్రతిస్పందన కాలం అంటారు. ఆ వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు సాగుతుంది. ప్రతిస్పందన అరసెకను ఆలస్యమైతే బ్రేకు పడకముందే బండి మరి ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది. బాలునికీ చక్రానికీ మధ్య ఉన్న దూరం అంతకన్న తక్కువ కావచ్చు.

మన పూర్వులు కాలగణనను రెప్పపాటుతోనే ఆరంభించారు. పద్దెనిమిది నిమేషాలు ఒక కాష్ఠ అని అమరకోశం చెబుతుంది. అయితే ఆ రెప్పపాటులో మెదడు చేసే పనిని కొలువవచ్చునని లోకానికి తెలియడానికి పందొమ్మిదో శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది. నాడులలో వార్త ప్రసరించే వేగం కొలతకు అందనిదని అంతవరకు పలువురు శాస్త్రజ్ఞులు భావించేవారు. 1850లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నాడిపై ప్రయోగాలు చేసి, ఆ వేగం సెకనుకు కొన్ని పదుల మీటర్లు మాత్రమేనని నిరూపించాడు. తరువాత హాలెండు దేశపు వైద్యుడు డోండర్స్ మరొక అడుగు ముందుకు వేశాడు. ఆయన ప్రయోగంలో మనిషి పాదానికి స్వల్పంగా విద్యుత్తు తగిలిస్తారు. ఏ పాదానికి తగిలితే ఆ వైపు చేతిని కదల్చాలి. ఏ పాదమో ముందే తెలిసినప్పటికన్న, తెలియనప్పుడు సెకనులో సుమారు పదిహేనో వంతు అధికంగా పట్టింది. ఆ అధిక కాలమే నిర్ణయానికి మెదడు తీసుకొన్న కాలమని డోండర్స్ 1868లో వివరించాడు.

ఈ కొలతకు నేటి పునరావాస వైద్యంలో ఎంతో ప్రయోజనం ఉన్నది. పక్షవాతం వచ్చి కోలుకొన్న ఆటో డ్రైవరునే తీసుకొందాం. వ్యాయామ చికిత్సతో చేతికి పట్టు వచ్చింది, కాలు కదులుతున్నది, మాట స్పష్టంగా ఉన్నది. ఇల్లు గడవాలంటే బండి తీయక తప్పదు. చూచేవారికి అతడు ఆరోగ్యవంతుడే. కాని మెదడులో కుడి భాగం దెబ్బతిన్నవారిలో కొందరికి, చూపు బాగానే ఉన్నా, ఎడమవైపు జరిగేది మనస్సుకెక్కదు. మరికొందరు ఒక పని ఉన్నప్పుడు చురుకుగానే ఉంటారు. రెండు పనులు కలిస్తే తడబడతారు. అందుచేత వైద్యులు తెరపై వెలుగు కనబడగానే మీట నొక్కమంటారు. ఒక్కసారితో తృప్తిపడక పలుమార్లు చేయించి, సగటునే గాక హెచ్చుతగ్గులను కూడ గమనిస్తారు. నడుస్తూ అంకెలు వెనుకకు లెక్కించమంటారు. పృచ్ఛకుల ప్రశ్నలకు పద్యాలు చెబుతూనే గంటల మోతను లెక్కపెట్టే అష్టావధానికి ఈ పరీక్ష కొత్తగా తోచదు!

అయితే పరీక్ష కొలువవలసినది మెదడును; చదువును కాదు. బడికి పోనివానికి ఆంగ్లంలో ప్రశ్నలిచ్చి, జవాబు రాలేదని మెదడు మందగించిందనడం అన్యాయం. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి బృందం ఈ దిశలో విశేష కృషి చేసింది. పాశ్చాత్య దేశాలలో రూపొందిన ఒక జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షను తెలుగువారికి తగినట్లు మలచి వాడారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లం కలగలిసి వినిపించే ఆ నగరంలో వారికి మరొక విషయం గోచరించింది. పక్షవాతానికి గురైన 608 మందిని పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి చెక్కుచెదరలేదు. ఒకే భాష తెలిసినవారిలో అట్టివారు 19.6 శాతమే. చదువు, వయస్సు వంటి భేదాలను లెక్కలోనికి తీసుకొన్న తరువాత కూడ ఈ వ్యత్యాసం నిలిచింది. అయితే మాట పడిపోవడం మాత్రం రెండు వర్గాలలోను దాదాపు సమానంగానే కనిపించింది. రెండు భాషలవాడు ఒకటి మాట్లాడేటప్పుడు రెండవదానిని అదుపులో ఉంచాలి. నిత్యం సాగే ఆ సాధన ఏకాగ్రతకు బలమిస్తుందని పరిశోధకుల ఊహ. దీనితో ఏకీభవించని పరిశోధనలూ ఉన్నాయి.

ప్రతిస్పందన కాలాన్ని తరగతి గదిలోనూ కొలువవచ్చు. ఒకరు స్కేలును నిలువుగా పట్టుకొని చెప్పకుండా వదలాలి. సున్న వద్ద వేళ్ళు తెరచి ఉంచిన రెండవవారు దానిని పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల వద్ద పట్టుకొంటే సెకనులో అయిదో వంతు పట్టినట్లు. పదేపదే చేస్తే చేయి కొంత వేగం పుంజుకొంటుంది. రోగుల విషయంలోనూ ఇదే చిక్కు. వారం వారం ఒకే పరీక్ష పెడితే మెరుగుపడినది మెదడో, పరీక్ష అలవాటో తెలియదు. అందుకే వైద్యులు పరీక్షలను మార్చి మార్చి పెడతారు. భవానీపురం డ్రైవరుకు బండి తాళం చెవి అప్పగించే ముందు, అనుభవజ్ఞుడొకరిని పక్కన కూర్చోబెట్టి రద్దీ లేని దారిలో నడిపించి చూస్తారు.