మరలివచ్చెడి పిడి

మోటారుసైకిలు నడుపువాని కుడిచేతి క్రింద నుండెడి పిడి వేగమును పెంచునదియని మనము సామాన్యముగా చెప్పుకొందుము. కాని ఆ పరికరము పుట్టి పెరిగిన కథను శ్రద్ధగా చూచినవారికి, చేయి వదలిన తోడనే తనంతట తాను వెనుకకు మరలి మూతపడుటయే దాని పరమగుణమని తోచును. ఇంజనులోనికి గాలిని విడుచు ద్వారమును, అనగా థ్రాటిలును, తెరచుట అమెరికాదేశపు శిల్పులు తొలినాళ్లలోనే నేర్చిరి. అది తప్పక మూసికొని తీరవలెనని శాసించుటకు మాత్రము ఆ దేశమునకు నూరేండ్లు పట్టెను.

మసాచుసెట్స్ రాష్ట్రమున బాస్టనులోని రాక్స్‌బరీలో నివసించిన సిల్వెస్టర్ హోవర్డ్ రోపర్ 1869 ప్రాంతమున నిర్మించిన ఆవిరి ద్విచక్రిక నేడు స్మిత్‌సోనియన్ సంస్థవారి సంగ్రహమున భద్రముగా నున్నది. రెండు చక్రముల నడుమ బొగ్గుతో కాగెడి బాయిలరు, దాని కిరుప్రక్కల సిలిండర్లు గల ఆ బండిపై కూర్చున్నవానికి హ్యాండిలు విడుచుట క్షేమము గాదు గనుక, రోపర్ ఆ హ్యాండిలు కడ్డీనే తిరుగునట్లు అమర్చి, ఒక దిక్కునకు త్రిప్పినచో ఆవిరిద్వారము తెరచుకొనునట్లును, మారుదిక్కునకు త్రిప్పినచో ముందుచక్రముపై బ్రేకు ఒత్తుకొనునట్లును చేసెను. వేగమును, నిలుపుదలను ఒకే కదలికకు రెండు కొనలుగా ఊహించిన ఆ బుద్ధి నమస్కరింపదగినది. 1896 జూన్ 1వ తేదీన, 72 ఏండ్ల వయస్సున, కేంబ్రిడ్జిలోని చార్లెస్ రివర్ పందెపుబాటపై తన మరియొక ఆవిరిబండిని పరుగెత్తించుచుండగా ఆయన కూలి మరణించెను. గుండె ఆగుటయే కారణమని వైద్యులు తేల్చిరి.

పెట్రోలు ఇంజనులు వచ్చిన పిమ్మట, న్యూయార్కు రాష్ట్రమందలి హామండ్స్‌పోర్టులో గ్లెన్ కర్టిస్ 1904 ప్రాంతమున త్రిప్పుడు పిడిని తన బండ్లకు అమర్చెను. స్ప్రింగ్‌ఫీల్డులో జార్జి హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అనువారు నడపిన ఇండియన్ కర్మాగారమువారు కూడ ఆ కాలముననే దానిని స్వీకరించి, పిడినుండి కార్బురేటరు వరకు కీళ్లు గల కడ్డీలతో సంబంధము కల్పించిరి. హార్లీ-డేవిడ్సన్ వారి పిడిలో మెలికల గాడి యొకటి యుండి, పిడి తిరిగినపుడు హ్యాండిలు గొట్టములోనే దాగిన తీగను ముందునకు వెనుకకు జరుపుచుండెను. ఈ అమెరికా పిడులను మరల్చెడి స్ప్రింగు లేదు. త్రిప్పిన చోటనే అవి నిలిచియుండెడివి; దూరప్రయాణమున చేతికి విశ్రాంతి యొసగుటకును, సైగ చేయుటకు చేయి తీయుటకును అది సౌకర్యమని నాటివారు మెచ్చుకొనిరి. నడుపువాడు పడిపోయినను ఇంజను రొద ఆగకుండుట ఆ సౌకర్యమునకు చెల్లింపబడిన మూల్యము.

కడ్డీల స్థానమున క్రమముగా వచ్చినది 1896లో ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ పేటెంటు పొందిన ఉక్కు కేబులు, అనగా మన మెకానిక్కుల యాక్సిలరేటరు వైరు. మెలితిప్పిన సన్నని ఉక్కుతీగలు, వానిపై చుట్టలు చుట్టిన తొడుగు: ఇంతే దాని నిర్మాణము. ఎటు వంచినను లాగుబలమును చేరవేయగల ఈ వస్తువునందే, పిడి మరలక పట్టివేయు రోగమునకు బీజము కలదు. వంపు తిరిగిన తొడుగులో జారెడి తీగపై రాపిడి, వంపు కోణముతో పాటు కూడికగా గాక గుణకారముగా పెరుగును. ఉదాహరణకు, దారిలోని వంపులన్నియు కలిసి 180 డిగ్రీలైనవనియు, శుభ్రమైన కేబులునకు రాపిడి గుణకము 0.1 అనియు అనుకొన్నచో, ఒక కొన లాగిన బలములో నూటికి 73 పాళ్లు రెండవ కొనకు చేరును. తుప్పుపట్టి ఆ గుణకము 0.3 అయినచో చేరునది 39 పాళ్లు మాత్రమే. తెరచునపుడు ఈ నష్టమును మనిషి చేయి గమనింపకయే పూరించును, ఏలయన చేతికి బలము కొఱతలేదు. మరలు పిడి గల బండ్లలో మూయునపుడు పనిచేయునది కార్బురేటరు కడ నున్న చిన్న స్ప్రింగు. దాని బలము పరిమితము. ఆ మిగిలిన పాళ్లతోనే అది పిడిని వెనుకకు త్రిప్పవలెను. కావుననే ‘తెరచుటకు బాగుగానే యున్నది’ అనుకొన్న బండి మూసికొనుటకు మొరాయించును.

ఈ సూక్ష్మమును నిర్మాతలు గ్రహించి, లాగుటకొకటి, వెనుకకు మరల్చుటకొకటి చొప్పున రెండు కేబుళ్లు పెట్టసాగిరి. 1970లో అమెరికాలో విక్రయించిన హోండా సీబీ750 కే1 అట్టిది. 1974 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన అమెరికా కేంద్రప్రభుత్వపు 123వ వాహనభద్రతా ప్రమాణము, థ్రాటిలు కుడిచేతి పిడియందే యుండవలెననియు, చేయి వదలగానే తనంతట తాను మూతపడి ఇంజనును ఐడిలు స్థితికి తేవలెననియు విధించెను. ఇంజనును ఆర్పు మీట యొకటి హ్యాండిలుపై నుండవలెననుటయు ఆ ప్రమాణములోనిదే. పిమ్మట 2006 నాటి యమహా ఆర్6, 2008 నాటి హార్లీ ప్రయాణపు బండ్లు విద్యుత్ సంకేతములతో ద్వారమును కదలించు పద్ధతిని ప్రవేశపెట్టినను, వానియందును పిడిని మరల్చెడి స్ప్రింగు తొలగిపోలేదు.

దారిలో పిడి పట్టివేసినచో చేయవలసినదానిని అమెరికా శిక్షకులు స్పష్టముగా బోధింతురు: పిడిని ముందునకు వెనుకకు కొన్నిసార్లు త్రిప్పి చూడవలెను; వదలనిచో క్షణమాలస్యము చేయక క్లచ్చి పట్టి, అదే సమయమున ఆర్పు మీట నొక్కి, బండిని ప్రక్కకు తీసి నిలుపవలెను. కారణము తెలియు వరకు మరల ఎక్కరాదు.

కారణమును వెదకుటలో నూనెడబ్బాను మొదట పట్టుట తొందరపాటు. ఇంజను ఆర్పి, పిడిని నిండుగా త్రిప్పి వదలినపుడు ‘టక్కు’మని మూతపడవలెను. పడనిచో కేబులును కార్బురేటరు కడ విప్పి, పిడి వైపును, కార్బురేటరు వైపును వేఱువేఱుగా కదలించి చూచినచో, దోష మెచ్చట నున్నదో అప్పుడే తేలిపోవును. పిడి వైపున బరువుగా నున్నచో, క్రొత్తగా తొడిగిన రబ్బరు లోపలికి జరిగి స్విచ్చుల పెట్టెను రాయుచుండవచ్చును. హ్యాండిలు చివరి బరువు దానిని నొక్కుచుండవచ్చును. లేదా బండి పడినపుడు గొట్టము ఱంపపుమొనలు తేలి ప్లాస్టిక్కు తొడుగును గీచుచుండవచ్చును. అవి యేవియు కానిచో కేబులు కొనను వ్రేళ్లతో తడవి చూడవలెను. కొననున్న గుండీకి ఆనుకొన్న చోట ఒకటి రెండు పోగులు తెగి ముండ్లవలె లేచియున్నచో ఆ కేబులునకు చికిత్స లేదు, క్రొత్తది వేయవలసినదే. మిన్నెసోటా, మిషిగన్ వంటి ఉత్తర రాష్ట్రములలో శీతకాలమంతయు మూలబడిన బండ్లకు తొడుగులోని తేమ తుప్పుగా మారుటయు, పాత గ్రీజు గట్టిపడుటయు సహజము. నైలాను పొర గల కేబుళ్లకు చిక్కని గ్రీజు మేలుకు బదులు కీడు చేయును.

పిడియు కేబులును నిర్దోషములైనపుడు కార్బురేటరులో గాలిద్వారమును తెరచి మూయు స్లైడును చూడవలెను. ఇంజను ఆగియుండగా తేలికగా జారిన స్లైడు, నడచుచుండగా ఇంజను పీల్పునకు గోడకు అంటుకొని, చిన్న గీతయున్నను పట్టుకొనును. అట్టి గీతను సరిచేయక మరింత బలమైన స్ప్రింగు వేయుట రోగమును కప్పిపుచ్చుటయే యగును. చేయి నొచ్చును, గీత పెరుగును.

అన్నియు బిగించిన తరువాత పిడికి రెండు మూడు మిల్లీమీటర్ల వదులుంచి, గేరు వేయక ఇంజను నడచుచుండగా హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసకు పూర్తిగా త్రిప్పవలెను. ఎచ్చటనైన రొద హెచ్చినచో కేబులు ట్యాంకు క్రింద నలిగినదనియో, బిగువుగా పోయినదనియో అర్థము. ట్యాంకు మరల విప్పి, కేబులునకు సరియైన దారి చూపవలెను.